జనసంఖ్యాపత్రములును పూర్వికుల చరిత్రయు: కోరంగి వలసవారి నిదర్శనము

తర్పణకాలమున గృహస్థుడు పితృపితామహప్రపితామహులను నామగోత్రములతో స్మరించును. మాతామహవంశమునందును అట్లే మూడు తరములు చెప్పును. అంతకు పైవారి పేర్లు పెక్కిండ్లలో తెలియవు. గోత్రఋషికిని ప్రపితామహునకును నడుమ బ్రదికిన తరములను గూర్చి చెప్పగల యాధారము గృహమునందు లేదు. రాజులకును, మంత్రులకును, దేవాలయములకు భూమి నిచ్చినవారికిని శాసనములు కలవు. కృతిపతులకు కావ్యావతారికలయందు వంశవర్ణనలు కలవు. మడక దున్నిన కాపునకును, మగ్గము నేసిన సాలెకును, రేవున మూటలు మోసిన కూలివానికిని ఇట్టి సాధనములు లేవు. తర్పణవిధియే లేని కుటుంబములందు జ్ఞాపక మింకను కురుచ.

పందొమ్మిదవ శతాబ్దమున దొరతనమువారు తమ యవసరములకై జనులను లెక్కించుటకును, పుట్టుకచావులను వ్రాయించుటకును, సముద్రము దాటించిన కూలీలకు సంఖ్య లిచ్చుటకును మొదలిడిరి. ఈ పత్రములలో నొక్కటియు వంశచరిత్ర కొరకు పుట్టినది కాదు. పన్నుకొరకు కొన్ని, రోగనివారణకొరకు కొన్ని, కూలివాడు తోట విడిచి పాఱిపోకుండుటకు కొన్ని పుట్టినవి. అయినను సామాన్యుని పేరు మొదటిసారిగా కాగితమున కెక్కినది వీనియందే. కావున పూర్వికుని జీవితమును వీనిలో వెదకువాడు ప్రతిపత్రమును మూడు ప్రశ్నలడుగవలెను: ఇది ఎవరి యవసరమునకై పుట్టినది? ఇందు మాట చెప్పినవా డెవడు? దానిని విని వ్రాసినవా డెవడు? ఈ ప్రశ్నలకు సమాధానము వచ్చినపిమ్మటనే పత్రమున కెంత విలువ యీయవచ్చునో తేలును.

ఇట్లు పరీక్షింపగా ఒక విపరీతము కనబడును. తెలుగుదేశమున ఊరు విడువక బ్రదికిన రైతు జనాభాపట్టికలో ఒక యంకెగా మాత్రమే మిగిలినాడు. బ్రదుకుతెరువు లేక సముద్రము దాటిన వాని సోదరునకో, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చ, జిల్లా, గ్రామము, ఎక్కిన యోడ, కొన్నియెడల ఛాయాపటముకూడ నిలిచి యున్నవి. ఈ యిరువురి చరిత్రను ఒక్కచోట చేర్చుటయే పరిశోధకుని పని. మారిషసు దీవికి వలసపోయిన తెలుగువారి పత్రములు ఇందులకు మంచి నిదర్శనము.

జనాభాలెక్కల స్వభావము

పూర్వము ఖానేషుమారి యని వ్యవహరింపబడిన జనులలెక్క మదరాసు రాజధానిలో 1851–52 మొదలుకొని అయిదేండ్ల కొకసారి జరుగుచుండెను. 1856–57, 1861–62, 1866–67 సంవత్సరములలో జరిగినవి ఇట్టివే. ఇవి గ్రామోద్యోగులు పంపిన మొత్తములనుబట్టి కూర్చినవి. ఇల్లిల్లు తిరిగి మనిషిమనిషిని పేరుతో విచారించిన పెద్ద గణనము 1871 నవంబరు 15వ తేదీనాటిది. దానిని నడిపినవాడు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు దొర. హిందూదేశమంతట నొక్కమారుగా జరిగిన గణనము 1881 ఫిబ్రవరి 17వ తేదీనాటిది. నిజాము రాష్ట్రమున మొదటి జనాభాలెక్కయు 1881లోనే జరిగెను. తరువాత పదేండ్ల కొకసారి ఈ పని సాగెను.

గణకుడు ఇంటికి సంఖ్య వేసి, అందలివారి పేరు, వయస్సు, మతము, కులము, వృత్తి మొదలగువానిని కాగితమున వ్రాసికొనెను. అనగా 1881లో తెలుగుదేశమున బ్రదికియున్న ప్రతివాని పేరును ఒక్కదినము కాగితముమీద నుండెననవలెను. కాని ప్రభుత్వమునకు కావలసినది పేరుగాదు, మొత్తము. ఆ కాగితములనుండి అంకెలు తీసి పట్టికలు కట్టినపిదప మూలపత్రములు నశింపజేయబడినవి. 1901లో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చీటి వ్రాసి, చీటీలను వేఱుచేసి లెక్కించు పద్ధతి వచ్చెను. లెక్క ముగిసినపిమ్మట ఆ చీటీలకును అదేగతి పట్టెను. స్వతంత్రభారతమున 1948లో చేసిన జనగణన చట్టము గణనపత్రములను ఇతరులు చూడరాదనియు, న్యాయస్థానములందు సాక్ష్యముగా గైకొనరాదనియు విధించెను.

ఇంగ్లండుదేశపు స్థితి వేఱు. అచట 1841 మొదలుకొని ప్రతిగృహమునందలివారి పేర్లును గల గణకుల పుస్తకములు భద్రపరుపబడినవి. 1851 నుండి కుటుంబములో నెవరి కెవ రేమగుదురో, ఏ పారిషునందు పుట్టిరో కూడ వ్రాయబడెను. నూఱేండ్లు గడచినపిమ్మట వానిని ప్రజలకు చూపుట వాడుక. 1921 నాటి పుస్తకములు 2022 జనవరిలో వెల్లడియైనవి. కావున ఆ దేశపు వంశచరిత్రగ్రంథములు చదివి, అదే మార్గమున తెలుగుదేశమున తాతముత్తాతలను వెదకబూనువానికి ఆశాభంగము తప్పదు. ఒకే దొరతనము తన దేశమున పేర్లు దాచి, ఈ దేశమున అంకెలు దాచినది.

అయినను ఆ యంకెలు నిరుపయోగములు కావు. ఒక్క యుదాహరణము చాలును. బనగానపల్లె సంస్థానము గాక కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో 9,14,432. పదేండ్ల తరువాత 1881లో అది 6,78,551. నాల్గింట నొకవంతునకు పైగా తగ్గినది. నడుమ జరిగినది 1876–78 నాటి మహాక్షామము. ధాతృనామ సంవత్సరమున మొదలైనందున జనులు దానిని ధాతకరవని చెప్పుకొందురు. ఒక కుటుంబము ‘ధాతకరవులో మావారు ఊరు విడిచిరి’ అని చెప్పుకొనుచున్నచో, ఆ మాట నిలుచునా నిలువదా యని పరీక్షించుటకు ఈ పట్టిక పనికివచ్చును. పట్టిక మనిషిని చూపదు గాని మనిషి యున్న కాలమును చూపును.

జననమరణముల చిట్టాలు

జనాభాలెక్క పదేండ్ల కొకసారి వచ్చునది. జననమరణముల చిట్టా ప్రతిదినము వ్రాయవలసినది. 1860ల తరువాత ఆరోగ్యశాఖ కోరికపై గ్రామాధికారులు పుట్టుకచావుల సంఖ్యలను పైకి పంపుచుండిరి. 1886లో హిందూదేశమునకంతకు ఒక చట్టమును, 1899లో మదరాసు రాజధానికి ప్రత్యేకముగా జననమరణముల చట్టమును వచ్చినవి. దేశమున కంతకు ఏకరీతిగా నమోదును నిర్బంధము చేసినది 1969 నాటి చట్టము.

పల్లెలో ఈ చిట్టా వ్రాసిన చేయి కరణముదో మునసబుదో. వార్త తెచ్చినవాడు తలారియో వెట్టివాడో. పుట్టిన వారముదినములలో వ్రాయుటచే బిడ్డకు పేరు పెట్టియుండరు. అందుచే పెక్కు పుటలలో ‘ఫలానివానికి మగపిల్లవాడు’, ‘ఫలానివానికి ఆడపిల్ల’ అని మాత్రమే యుండును. తల్లిపేరు కొన్నిచోట్ల విడువబడును. చావునకు కారణము ‘జ్వరము’ అని పదింట ఏడెనిమిది చోట్ల కనబడినను, అది వైద్యుని నిర్ణయము కాదు, తలారి చెప్పిన మాట. పల్లెకు దూరముగా పాలెమునందు గల యిండ్ల వార్త చిట్టాకు చేరకపోవుటయు కలదు. కావున చిట్టాలో పేరున్నచో అది బలమైన సాక్ష్యము. లేనిచో ఆ మనిషి పుట్టలేదనుట న్యాయము కాదు.

1984లో ఆంధ్రప్రదేశమున కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. తరతరములుగా కరణము లోగిలిలోని పెట్టెలలో నున్న లెక్కలు కొన్ని ప్రభుత్వకార్యాలయములకు చేరినవి, కొన్ని చెదలపాలైనవి. అంతకు పూర్వము గ్రామచరిత్రలను దాచిన దండకవిలెలకు పట్టిన గతియే వీనికిని పట్టినది. మెకంజీ దొర కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించినట్లు, ఈ చిట్టాలకు ప్రతులు వ్రాయించినవారు లేరు.

క్రైస్తవసంఘములలో చేరిన కుటుంబములకు మఱియొక యాధారము కలదు. చర్చి పుస్తకములయందు బాప్తిస్మము, వివాహము, భూస్థాపనము అను మూడును తేదీతో వ్రాయబడును. క్షామము ముగియుచున్న 1878 జూలై 3వ తేదీన ఒంగోలు బాప్తిస్టు మిషనువారు ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. వంశవృక్షము వ్రాసికొను నాచారమెన్నడును లేని పేదకుటుంబముల చరిత్రలకు ఇట్టి పుస్తకములు మొదటిపుటల వంటివి.

మారిషసు దీవి రిజిస్టరులు

ఇక సముద్రము దాటినవారి మాట. మారిషసు దీవిలో దాస్యము 1835 ఫిబ్రవరి 1వ తేదీన రద్దయ్యెను. చెఱకుతోటల దొరలు అప్పటికే హిందూదేశపు కూలీలకై చూచుచుండిరి. 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాసు’ అను నోడపై 36 మంది కూలీలు కలకత్తానుండి పోర్టులూయీ రేవున దిగిరి. 1839 చట్టముచే నిలిచిపోయిన యీ వలస 1842 చట్టముతో కలకత్తా, మదరాసు, బొంబాయి రేవులనుండి ప్రభుత్వపర్యవేక్షణక్రింద మరల సాగెను. ఇరువదవ శతాబ్దారంభమునకు ఈ దీవికి వచ్చిన హిందూదేశీయులు సుమారు నాలుగున్నరలక్షలు. 1861 నాటి జనాభాలెక్కలో దీవియందలి 3,10,050 మందిలో 1,92,634 మంది, అనగా నూటికి అరువదిరెండుగురు, హిందూదేశీయులే. వీరిలో తెలుగువారొక భాగము. గోదావరీముఖమునందలి కోరంగిరేవు పేరు ఆ దీవిలో తెలుగువారి కందఱకును జాతినామమై ‘కోరంగీలు’ అని నిలిచినది.

ఓడ దిగినవారిని పోర్టులూయీలోని డిపోలో నిలిపి, పరీక్షించి, పుస్తకమున కెక్కించి, తోటలకు పంచుచుండిరి. ఆ డిపో కట్టడములే ఆప్రవాసి ఘట్టమను పేరుతో 2006లో యునెస్కోవారి ప్రపంచవారసత్వస్థలముల జాబితాలో చేరినవి. రిజిస్టరులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరుపబడినవి.

ఆ రిజిస్టరులలోని ప్రధానాంశము సంఖ్య. దిగిన ప్రతివానికిని ఒక సంఖ్య ఈయబడెను. పెండ్లాడినను, తోట మాఱినను, జైలుకు పోయినను, చచ్చినను ఆ సంఖ్యయే వాని గుర్తు. సంఖ్యప్రక్కన పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జన్మస్థానము, శరీరచిహ్నములు, ఓడ, యజమాని అను వివరము లుండును. 1867 నాటి 31వ ఆజ్ఞ ఒడంబడిక ముగిసిన కూలీలు ఛాయాపటము గల టిక్కెట్టును ఎల్లప్పుడు తమయొద్ద నుంచుకొనవలెనని విధించెను. టిక్కెట్టు చూపలేనివానిని దేశదిమ్మరియని పట్టుకొనుచుండిరి. నేడు మునిమనుమలు కన్నుల కద్దుకొను ఛాయాపటములు ఆనాడు నిర్బంధసాధనములు. ఈ సంగతి మఱచినచో ఆ ముఖములను సరిగా చూచినట్లు కాదు.

మారిషసునందలి జననమరణవివాహముల నమోదు ఫ్రెంచి న్యాయపద్ధతి ననుసరించినది. దానియందు పురోహితుని యెదుట జరిగిన పెండ్లి రిజిస్టరున కెక్కనిచో చట్టదృష్టిలో పెండ్లి కాదు. కావున ధర్మపత్నికి పుట్టిన బిడ్డయు ఆ పుస్తకమున వివాహేతరసంతానముగా కనబడవచ్చును, తండ్రిపేరు లేకపోవచ్చును. దక్షిణాఫ్రికాలోను ఇట్టి చిక్కే యుండెను. 1913 మార్చి 14వ తేదీన సర్లు అను న్యాయమూర్తి యిచ్చిన తీర్పు క్రైస్తవేతరపద్ధతిని జరిగిన వివాహములను నిరాకరింపగా, దక్షిణాఫ్రికా సత్యాగ్రహమున స్త్రీలు చెరసాలకు పోవుటకు అదియొక ముఖ్యకారణ మయ్యెను. ముత్తవ్వ పత్రమున ‘అవివాహిత’ యని చూచి కుంగువాడు ముందుగా ఆ దేశపు చట్టము చదువవలెను. అచట తప్పినది ఆమె శీలము కాదు, రిజిస్టరు గీసినవాని గడి.

పత్రములను చదువు విధము

ఈ రిజిస్టరులను చదువుటలో నాలుగు చిక్కులు కలవు.

మొదటిది పేరు. కూలి తెలుగున చెప్పెను; దుబాసి విని తన యుచ్చారణతో పలికెను; గుమాస్తా ఇంగ్లీషున వ్రాసెను; దీవిలో ఫ్రెంచి చెవి దానిని మరల మార్చెను. తెలుగులోని ద్విత్వములును, ణకారళకారములును ఈ ప్రయాణమున నిలువవు. అప్పన్న అపానా యగును. నాయుడు నాయిడూ యగును. అంతకంటె పెద్దనష్టము ఇంటిపేరునకు కలిగినది. రిజిస్టరునందు కూలిపేరును తండ్రిపేరును గలవు గాని ఇంటిపేరునకు గడి లేదు. ఆ కూలి పేరే తరువాతి తరమునకు వంశనామమై స్థిరపడినది. కాబట్టి మారిషసు తెలుగుకుటుంబముల నేటి వంశనామము పెక్కుచోట్ల ఒక పూర్వికుని వ్యక్తినామము. దానినిబట్టి తెలుగుదేశమున ఇంటిపేరు వెదకినచో దొరకదు. అదే పేరు గల రెండు కుటుంబములు జ్ఞాతులని తలచుటయు పొరపాటే.

రెండవది స్థలము. కోరంగి యనగా రేవు, జన్మస్థానము కాదు. రంగూనునందును తెలుగుకూలీలను కోరంగీలనియే పిలిచిరి. అట్లే మదరాసు అని యున్నచో ఓడ యెక్కిన పట్టణము కావచ్చును. జిల్లాపేరు స్పష్టముగా నున్నను చిక్కు తీరదు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట గుంటూరు జిల్లా యేర్పడగా దానిలో చేరెను. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా వేఱొక జిల్లా యేర్పడగా దానికి తరువాత ప్రకాశము పేరు వచ్చెను. నెల్లూరు జిల్లాయని వ్రాసిన 1870ల నాటి పత్రము పట్టుకొని నేటి నెల్లూరునందు వెదకువానికి ఒంగోలుప్రాంతపు గ్రామము దొరకదు. గోదావరి, కృష్ణా జిల్లాలు 1859లో ఏర్పడినవి. 1925లో కృష్ణానుండి తూర్పుభాగము వేఱై పశ్చిమగోదావరి యైనది. 1882కు పూర్వము అనంతపురము బళ్ళారిలోనిది. 1911కు పూర్వము చిత్తూరు ఉత్తరార్కాటులోనిది. శ్రీకాకుళము 1950 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. కావున పత్రమునాటి జిల్లాపటమును ముందుంచుకొని చదువవలెను.

మూడవది వయస్సు. జనాభాలెక్కలలో ముప్పది, నలుబది, ఏబది యేండ్లవారు మితిమీరి కనబడుదురు. ముప్పదియొకటి, నలుబదితొమ్మిది యేండ్లవారు అరుదు. జనులు ఊహించి చెప్పుటయే కారణము. కూలీల విషయమున దళారి కోరినట్లు వయస్సును తగ్గించుటయు కలదు. ప్రభవాది సంవత్సరముల పేర్లు తెలిసినచో నిశ్చయము కొంత సులభము. కాని నందన యన్నచో 1832–33 నాటి డొక్కలకరవు నందనయా, అరువదియేండ్ల తరువాతి 1892–93 నాటి నందనయా యని తక్కిన సాక్ష్యములతో తేల్చుకొనవలెను. గ్రామలెక్కలయందలి ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో అది మొదలైన క్రీస్తుశకసంవత్సరము వచ్చును. ఫసలీ 1286 అనగా 1876–77.

నాలుగవది కులము. ‘జెంటూ’, ‘తెలింగ’, ‘మలబారు’ అను మాటలు భాషనో దేశమునో తెలుపును గాని కులమును తెలుపవు. కొందఱు తాము చెప్పదలచిన కులమును చెప్పియుందురు. కొందఱికి దళారి నేర్పిన కులము పడియుండును. స్వగ్రామమున అంటరానివాడనిపించుకొన్న మనిషి సముద్రముమీద వేఱొక పేరు చెప్పుకొనినచో, దానిని అబద్ధమని కొట్టివేయుట యెంత సులభమో అంత అన్యాయము. పరిశోధకుడు పత్రమున నున్నది వ్రాసి, దానికి విరుద్ధసాక్ష్యమున్నచో అదియు వ్రాసి ఊరకుండవలెను.

గ్రామమునకు మరలుట

గ్రామమిదియని తేలినపిదప వెదకవలసినది ఊరిలో నిలిచిన సోదరుని. రిజిస్టరునందలి తండ్రిపేరు ఇందులకు త్రాడువంటిది. ఇనాము కుటుంబమైనచో 1858 తరువాత ఇనాము కమిషనువారు చేసిన విచారణ రిజిస్టరులలో అనుభవదారుని పేరు, వయస్సు, మొదట ఇనాము పొందినవానికి ఇతడేమగునో యనునది కనబడును. అర్చకులకును, కరణములకును, ఊరి పనివాండ్రకును ఇది గొప్ప యాధారము. రైతువారీ భూమి గల కుటుంబమైనచో సెటిల్మెంటు రిజిస్టరులందు పట్టాదారుని పేరుండును. కొనుగోలు, తనఖా, పంపకము జరిగియున్నచో రిజిస్టరైన దస్తావేజున ‘ఫలానివాని కుమారుడు ఫలానివాడు, ఫలాని తాలూకా ఫలాని గ్రామ కాపురస్థుడు’ అని తండ్రికొడుకుల పేర్లు జతగా వచ్చును. సెంటుభూమియు లేని కూలికుటుంబమైనచో ఇవి యేవియు లేవు. ఓడ యెక్కినవారిలో ఇట్టివారు పెక్కుమంది. వారికి జననమరణముల చిట్టాయును, చర్చి పుస్తకమును, ముసలివారి నోటిమాటయును మిగులును.

తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము ఇచట కొంత తోడ్పడును, కొంత త్రోవ తప్పించును. దీవిలోని మనుమనిపేరును ఊరిలోని తాతపేరును ఒకటియైనచో సంబంధమునకు సూచన దొరకినట్లే. కాని ఒకే యూరిలో వెంకన్నలు పదుగు రుందురు. కావున పేరొక్కటి కలియుట ప్రమాణము కాదు. పేరు, తండ్రిపేరు, గ్రామము, కాలము అను నాలుగింటిలో మూడైనను కలియవలెను. అవియు ఒకదాని నొకటి చూచి వ్రాయని రెండు వేఱువేఱు పత్రములయందు కలియవలెను. దీవిలోని మరణపత్రము దీవిలోని ఓడరిజిస్టరును చూచి వ్రాసినదైనచో ఆ రెండును ఒక్క సాక్షియే.

ఇట్టి పరిశోధన ఒక సాహిత్యగ్రంథమునకును మూలమైనది. మారిషసున పుట్టి ఫ్రెంచిభాషలో నవలలు వ్రాసి పేరొందిన నతాషా అప్పానా, 1872లో హిందూదేశమునుండి ఆ దీవికి వచ్చిన తన పూర్వికులను గూర్చి 2023లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ వంశకథకు ఆధారములలో ముఖ్యమైనవి వలసదారులకు దీవిలో నిచ్చిన సంఖ్యలు. మనుష్యుని సంఖ్యగా మార్చిన ఆ పుస్తకమే, నూటయేబదియేండ్ల తరువాత సంఖ్యనుండి మనుష్యుని వెదకుటకు ద్వారమైనది.

ప్రయోజనము

ఈ పని కుతూహలముకొఱకు మాత్రమే కాదు. 2024 మార్చిలో మారిషసు దీవికి వెళ్లిన భారత రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, ఆ దీవియందలి భారతసంతతివారిలో ఏడవతరమువారును ప్రవాసభారతపౌరులుగా నమోదగుటకు ప్రత్యేకనియమమును ప్రకటించెను. ఏడవతరమని చూపుటకు మొదటితరమువాని పత్రము కావలెను. ఒకనాడు తోట దాటిపోకుండ కట్టివేసిన సంఖ్యయే నేడు పితృదేశముతో సంబంధమును నిరూపించు సాక్ష్యము. తండ్రిపేరునందలి ఒక్కయక్షరము మాఱినను, గ్రామము పోల్చరాకున్నను, ఆ కుటుంబమున కది పండితచర్చ కాదు, హక్కునకు సంబంధించిన మాట.

ఊరిలో నిలిచినవారికి ఇట్టి సంఖ్యయైనను లేదు. వారి చిట్టాలు కొన్ని కార్యాలయముల యటుకలపై నున్నవి. ఏటేట వానతేమకు పుట లంటుకొనిపోవుచున్నవి. ఈ విషయమున పాఠశాలల ఉపాధ్యాయులు చేయగల యుపకారము కలదు. తమ గ్రామమునకు 1859 నుండి ఏ యే జిల్లా, ఏ యే తాలూకా పేర్లు వచ్చినవో ఒక పట్టిక వ్రాయవచ్చును. గ్రామముపేరు పాతపత్రములలో ఇంగ్లీషున ఎన్నివిధములుగా వ్రాయబడెనో సేకరింపవచ్చును. ఊరిలోని ఇంటిపేర్లను, ‘మావారొకరు ఓడ యెక్కి పోయిరి’ అని చెప్పుకొను కుటుంబముల మాటలను, చెప్పినవారి వయస్సుతోను చెప్పిన తేదీతోను వ్రాసి యుంచవచ్చును. అధికారుల యనుమతితో చిట్టాలకు ప్రతులు తీయించవచ్చును.

దీవిలో నొకడు తండ్రిపేరును ఊరిపేరును చేతబట్టుకొని వెదకుచుండగా, ఊరిలో నొకరు ఆ తండ్రి రెండవకుమారుడు ఓడ యెక్కి మరల రాలేదని చెప్పుచుందురు. ఈ రెండు మాటలు కలిసికొనవలెనన్న ఊరివైపు మాటయు కాగితమున కెక్కియుండవలెను. మొదటి మాట దీవిలో పదిలముగా నున్నది. రెండవది ముసలివారితో పోవుచున్నది. దానిని ముందుగా వ్రాయవలెను.